సగంలో ఆగిన అపాచీ సినిమా

నిన్న మధ్యాహ్నం మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకుని వేరుశనక్కాయలు ఒలుస్తూ టీవీ ఛానళ్ళు తిప్పుతున్నాను. బయట ఇంగ్లండు వాన, మా స్టీవెనేజ్‌లో మొదలైతే ఒక పట్టాన వదలదు. ఏదో పాత సినిమాల ఛానల్లో గుర్రం సకిలించింది. తెల్లటి సున్నపురాయి కొండలు, వాటి కింద నది, నది ఒడ్డున ఎదురెదురుగా ఇద్దరు మగవాళ్ళు. ఒకడు పొలం చేసుకుని బతుకుదామని కొత్తగా వచ్చిన తెల్లవాడు. రెండోవాడు ఆ నేల మీద తరతరాలుగా ఉన్న అపాచీ తెగవాడు. నా చేతిలో రిమోట్ అలాగే ఉండిపోయింది.

"అమ్మమ్మా, వై ఆర్ దేర్ మౌత్స్ రాంగ్?" అంది పిల్ల. దానికి ఐదేళ్ళు. తెలుగు బాగానే అర్థమవుతుంది గానీ జవాబు మాత్రం ఇంగ్లీషులోనే.

నిజమే, పెదాలొక దారి, మాటలొక దారి. ఆ సినిమా యూరప్‌లో ఎక్కడో తీశారు. ఆ కొండలు అమెరికావి కావు, ఆ అపాచీ అపాచీ కాడు, వాడి నోట్లోంచి వచ్చే గొంతు కూడా వాడిది కాదు. ఇదంతా నాకు పెద్దయ్యాక తెలిసింది. తొమ్మిదేళ్ళప్పుడు అందులో ప్రతి ముక్కా నిజమని నమ్మాను. ఆ వయసులో ఈ సినిమా దాదాపు అంతా చూశాను, చివర మాత్రం చూడలేదు. చూడనందువల్ల ఏం జరిగిందో మా అమ్మకీ నాన్నకీ తెలుసు. వాళ్ళిద్దరూ ఇప్పుడు లేరు. ఇక చెప్పాల్సింది నేనే.

అప్పుడు మేం వేల్స్‌లో కార్డిఫ్ అవతల, బొగ్గు గనుల వైపు, ఒక ఆసుపత్రి క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళం. నాన్న జూనియర్ డాక్టరు. ఆరునెలలకో ఉద్యోగం, ఆరునెలలకో ఊరు. అందుకని అమ్మ రెండో సూట్‌కేసు ఎప్పుడూ పూర్తిగా విప్పేది కాదు. అందులోంచి మాత్రం ఒక వస్తువు ఏ ఊరెళ్ళినా మొదటిరోజే బయటికొచ్చేది. అది కత్తిపీట. తెనాలి నించి పాత చీరలో చుట్టి తెచ్చుకుంది. చాకుతో తరిగితే కూరకి రుచి రాదని ఆవిడ సిద్ధాంతం. పని కాగానే దాన్ని పడుకోబెట్టి గోడవైపు నెట్టేసేది. "నిలబడిన కత్తిపీట ఎవరో ఒకరిని పిలుస్తుందే," అనేది. పిల్లల్ని బెదిరించడానికి అంటోందనుకునేదాన్ని.

క్వార్టర్స్ వెనకే ఆసుపత్రి లాండ్రీ. పొద్దున్నించీ ఆవిరి, సబ్బు వాసన. వంటశాల నించి ఉడికిన కాబేజీ వాసన. చలికాలమైతే వీటన్నిటి మీదా బొగ్గు పొగ. వాటి మధ్యలోంచి మా అమ్మ ఇంగువ తాలింపు లేచేది. పక్కవాళ్ళు ఏమనుకుంటారోనని ఎంత చలిలోనైనా ఆవిడ కిటికీ తెరిచిపెట్టేది. ఆ కిటికీ లోంచే ఒకరోజు ఒక పిల్లాడి తల కనబడింది.

"ఏమిటా వాసన?" అనడిగాడు. నా ఈడువాడే. బక్కగా, చెవులు పెద్దగా ఉండేవాడు. ప్యాంటు మోకాళ్ళ దగ్గర లోపలివైపు స్పాంజి ముక్కలు కుట్టి ఉండేవి. వాళ్ళమ్మ లాండ్రీలో పనిచేసేది. అమ్మ వాడికో పెసరట్టు పెట్టింది. మర్నాడు ఇంకోటి కావాలని వచ్చాడు. నేను వాళ్ళమ్మని ఆంటీ అనడం చూసి తనూ మా అమ్మని ఆంటీ అనడం మొదలుపెట్టాడు. వాళ్ళ వెల్ష్ యాసలో ఆ మాట పాటలా సాగేది.

నాన్న ఆ రాత్రే నన్ను కూర్చోబెట్టి చెప్పాడు. "వాడికి పుట్టుకతోనే రక్తం గడ్డకట్టదమ్మా. తెగితే ఓ పట్టాన ఆగదు, పడితే లోపల కీళ్ళలో కారుతుంది. కూర్చుని ఆడుకునే ఆటలైతే ఆడుకోండి. పరుగులూ కుస్తీలూ వద్దు. అర్థమైందా?"

అర్థమైంది. ఆ మాట ఒప్పుకోవాలి. తెలియక చేశానని నేను ఎన్నడూ అనలేను.

స్కూల్లో వాడితో ఎవరూ ఆడేవాళ్ళు కారు, ఎక్కడ దెబ్బ తగులుతుందోనని టీచర్లే దూరం పెట్టేవాళ్ళు. నాతో ఎందుకు ఆడరో ఎవరూ చెప్పేవాళ్ళు కారు. అలా కలిశాం ఇద్దరం. లాండ్రీ వెనక గోడ మీద కూర్చుని, ఉతికిన దుప్పట్ల ఆవిరిలో చేతులు కాచుకుంటూ, వార్డులోకి పోయే ట్రాలీల మీంచి బిస్కెట్లు కొట్టేసి తినేవాళ్ళం. కొట్టేయడం నా వంతు, కాపలా వాడి వంతు, ఎందుకంటే వాడు పరిగెత్తకూడదు.

బిస్కెట్లు పంచుకునేదాన్ని గానీ వాడి సీసాలో ఆరెంజ్ స్క్వాష్ మాత్రం నోట పెట్టేదాన్ని కాదు. ఎంగిలి విషయంలో మా అమ్మ నిప్పు. "ఎత్తి తాగు, కరుచుకోకు" అన్నది నాకు వచ్చిన మొదటి నీతివాక్యం. వాడు సీసా ఇస్తే తల వెనక్కి వంచి, జానెడు ఎత్తునించి గొంతులోకి పోసుకునేదాన్ని. వాడికది గొప్ప విద్యలా కనిపించింది. తనూ నేర్చుకుంటానని పట్టుబట్టి, వారం రోజుల పాటు చొక్కా తడుపుకున్నాడు. వాళ్ళమ్మకి ఎలాగూ ఉతకడమే పని కదా అని నవ్వుకునేవాళ్ళం.

వాళ్ళింట్లో ఫ్రిజ్ తలుపులో, పాలసీసాల పక్కన, చిన్న చిన్న గాజు సీసాలు వరసగా ఉండేవి. లోపల తెల్లపొడి. దాన్ని నీళ్ళలో కలిపి వాళ్ళమ్మే వాడికి సూది వేసేది. "కొత్త మందు, లవ్. అమెరికా నించి వస్తుంది. ఇదివరకైతే వారాల తరబడి ఆసుపత్రి మంచం మీదే ఉండేవాడు," అని ఆవిడ నాకు చూపించింది, దేవుడి పటం చూపించినట్టు. వాడికీ దానిమీద గర్వమే. "ఇందులో బోలెడుమంది అమెరికా వాళ్ళ రక్తముంది తెలుసా? కౌబాయ్‌లది కూడా ఉండే ఉంటుంది," అనేవాడు.

ఆదివారం మా ఇంటికి తెలుగు డాక్టర్లు వచ్చేవాళ్ళు. కోడికూర, పెరుగుపచ్చడి, ఎవరికి ఎక్కడ పోస్టు దొరికింది, ఎవరి డ్యూటీ రోటా ఎంత ఘోరం, ఇవే మాటలు. ఒక ఆదివారం వాడి ప్రసక్తి వచ్చింది. "ఈ రోజుల్లో పుట్టాడు, అదృష్టవంతుడు," అన్నాడు ఒక అంకుల్, ఎముక చీకుతూ. "ఇక వాడికి భయం లేదు," అన్నాడు మా నాన్న. అందరూ తలూపారు. అంత చదువుకున్నవాళ్ళు, అంత మంచివాళ్ళు. ఆ తలలు ఊగడం ఇప్పటికీ నా కళ్ళకి కడుతుంది.

ఒక శనివారం డాక్టర్స్ మెస్‌లో టీవీ దగ్గర మేమిద్దరమే. మెస్ అంటే డ్యూటీ లేని డాక్టర్లు కాళ్ళు చాపుకునే గది. పాత సోఫాలు, సిగరెట్ వాసన. ఈ సినిమా వస్తోంది. కొత్తగా వచ్చిన సెటిలర్‌కి నీళ్ళు ఎక్కడ దొరుకుతాయో అపాచీ చూపిస్తాడు. సెటిలర్ అపాచీకి జ్వరమొస్తే తన గుడిసెలో దాచి కాపాడతాడు. ఇటువాళ్ళు వీణ్ణి, అటువాళ్ళు వాణ్ణి ద్రోహి అంటారు. మేం ఊపిరి బిగబట్టి చూస్తున్నాం.

"నేను అపాచీని," అన్నాడు వాడు.

"నేనెందుకు కాకూడదు?"

"మేం ఇక్కడ ముందునించీ ఉన్నాం. మీరు మొన్న వచ్చారు. సెటిలర్ నువ్వే."



సినిమా చివరికొచ్చింది. నది ఒడ్డున ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు. "ఇవాళ్టి నించి మనం అన్నదమ్ములం," అన్నాడు అపాచీ, పెదాలు ఇంకేదో అంటుండగా. నడుముకున్న కత్తి తీశాడు. సెటిలర్ చెయ్యి చాపాడు. కత్తి కిందికి వస్తోంది. సరిగ్గా అప్పుడు తలుపు ధడాలున తెరుచుకుంది. ఆరుగురు డాక్టర్లు, చేతుల్లో చిప్స్ పొట్లాలు. ఆ రోజు వేల్స్‌కి రగ్బీ మ్యాచ్. "సారీ, పిల్లలూ," అని ఒకాయన టక్కున ఛానల్ మార్చేశాడు. వేల్స్‌లో రగ్బీ రోజున పిల్లల సినిమా గురించి వాదించేవాడు ఇంకా పుట్టలేదు.

వాడు ఏడుపు మొహం పెట్టాడు. "ఏమై ఉంటుంది?"

"ఏముంది, చేతులు కోసుకుని రక్తం కలుపుకుంటారు. అంతే కదా," అన్నాను నేను. నాకంతా తెలిసినట్టే.

మా ఇంటికొచ్చాం. నాన్న వార్డులో ఉన్నాడు. అమ్మ వంటింట్లో కింద కూర్చుని కాబేజీ తరుగుతోంది. అంతలో క్వార్టర్స్ నడవాలో ఉన్న ఫోన్ మోగింది, "ఇండియా కాల్!" అని ఎవరో కేకేశారు. ఇండియా నించి ఫోనంటే ఆ రోజుల్లో సామాన్యం కాదు. అమ్మ చేతిలో కాబేజీ ముక్క కూడా వదలకుండా పరిగెత్తింది. లైన్ తెగిపోతే మళ్ళీ కలిసేదాకా అక్కడే నిలబడుతుందని నాకు తెలుసు. ఆ ఒక్కరోజే ఆవిడ కత్తిపీటని పడుకోబెట్టడం మర్చిపోయింది.

అది కాబేజీ రేకుల మధ్య నిలబడి ఉంది. మేమిద్దరం దాని ముందు నిలబడ్డాం.

"మనం చివర ఆడదామా?" అన్నాను. ఆ మాట అన్నది నేనే.

వాడు కాస్త వెనక్కి తగ్గాడు. "అమ్మకి తెలిస్తే..."

"నీకు మందుందిగా," అన్నాను.

ఈ రెండు ముక్కలూ నన్ను ఇన్నేళ్ళూ వదల్లేదు. పాత్రలు తోముతున్నప్పుడు, బస్సులో కిటికీ పక్కన కూర్చున్నప్పుడు, ఏ సందర్భమూ లేకుండా వినిపిస్తాయి. నీకు మందుందిగా.

ముందు నేను. మణికట్టు దగ్గర ఇలా ఆనించి అలా తీసేశాను. చీమ కుట్టినంత. కత్తిపీట సంగతి నాకు తెలుసు. వాడికి తెలియదు. చాకుతో రొట్టె కోసేవాడిలా చెయ్యి వేసి నొక్కాడు. చప్పుడేమీ రాలేదు. తెల్లటి కాబేజీ మీద ఎర్రగా పడింది. ఇద్దరం చేతులు కలిపి, కళ్ళు మూసుకుని, అన్నదమ్ములం అనుకుంటూ ఇరవై దాకా లెక్కపెట్టాం. కళ్ళు తెరిచేసరికి నాది ఆగిపోయింది.

వాడు మొదట నవ్వాడు. నేను పసుపు డబ్బా తెచ్చాను. పసుపు వేస్తే ఆగని రక్తం లేదని మా అమ్మమ్మ అనేది. ఊళ్ళో నా మోకాళ్ళకి ఎన్నిసార్లు వేసిందో. గుప్పెడు పోసి అదిమాను. కాసేపటికి పసుపు తడిసి ముదురు రంగయింది. ఇంకో గుప్పెడు. ఇంకోటి. డబ్బా అడుగు కనిపించింది. గిన్నెలు తుడిచే తువ్వాలు చుట్టాను. అదీ తడిసింది. అవతల మెస్‌లోంచి గోలగా కేకలు, వేల్స్ ఏదో గెలుస్తోంది. పది అడుగుల దూరంలో నడవాలో మా అమ్మ, "వినపడుతోందా? నాన్నా, వినపడుతోందా?" అని ఫోన్లో తాతయ్యతో అరుస్తోంది. ఆసుపత్రి నిండా డాక్టర్లు. నేను ఎవర్నీ పిలవలేదు. తన్నులు తింటానని భయం. ఇంత సిగ్గులేని భయం ఇంకోటి ఉండదు.

"చలేస్తోంది," అన్నాడు వాడు. పెదాలు తెల్లగా అయ్యాయి.

అమ్మ గుమ్మంలోకి వచ్చింది. "ఓరి నాయనోయ్! ఏం చేశావే!" అన్న కేక ఒక్కటే గుర్తుంది. వాణ్ణి చంటిపిల్లాడిలా చంకనేసుకుని, వానలో, చెప్పుల్లేకుండా, క్వార్టర్స్ వెనక పెరడు దాటి ఆసుపత్రి వైపు పరిగెత్తింది. లాండ్రీ తలుపులోంచి వాళ్ళమ్మ తడిచేతులతోనే బయటికొచ్చింది. ఆవిడ అరవలేదు. మా అమ్మ భుజం పట్టుకుని, తనకు తను చెప్పుకున్నట్టు, "పర్లేదు, పర్లేదు, మందుంది," అంది.

మందు ఇచ్చారు. ఇంట్లో ఉన్న సీసాలు చాలక వార్డులో కొత్త పెట్టె తెరిచారని నాన్న చెప్పాడు. నాలుగైదు రోజులు ఇస్తూనే ఉన్నారు. వాడు బతికాడు. రెండు వారాలకి మా కిటికీలో మళ్ళీ తలకాయ కనబడింది. మణికట్టు దగ్గర కుట్లు, వాటి చుట్టూ ఇంకా వదలని పసుపు. "నేను చావలేదు!" అన్నాడు, పెద్ద విజయంలా. నన్ను ఎవరూ కొట్టలేదు. కొట్టి ఉంటే బాగుండేది. అమ్మ కత్తిపీటని పాత చీరలో చుట్టి సూట్‌కేసు అడుగున పెట్టేసింది. మళ్ళీ ఏ ఊళ్ళోనూ అది బయటికి రాలేదు. చాకుతో తరిగిన కూర రుచిగా లేదని మా నాన్న కూడా ఎన్నడూ అనలేదు.

ఆ ఆరునెలలూ అయ్యాయి. మేం వేరే ఊరికి వెళ్ళిపోయాం. కొన్నాళ్ళు క్రిస్మస్ కార్డులు నడిచాయి, తర్వాత మా అమ్మా వాళ్ళమ్మా మాత్రం రాసుకునేవాళ్ళు.

నేను కాలేజీలో చేరిన ఏడు, సెలవులకి ఇంటికొస్తే, నాన్న బల్ల దగ్గర కూర్చోబెట్టి నా చేతికి పట్టీ బిగించాడు. "ఎందుకు నాన్నా?" అన్నాను. "ఊరికే. మీ అమ్మకి రక్తం తక్కువ కదా, నీకూ చూద్దామని." నా మొహంకేసి చూడలేదు. ఇరవై ఏళ్ళు సూదులు పట్టిన మనిషికి ఆ రోజు నరం దొరకడానికి మూడుసార్లు పొడవాల్సి వచ్చింది. పది రోజులు ఇంట్లో ఎవరూ ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. పదకొండో రోజు, "అంతా బాగానే ఉందమ్మా," అని చెప్పి బాత్రూంలోకి వెళ్ళి, చాలాసేపు కుళాయి తిప్పి ఉంచాడు.

అప్పటికే ఎయిడ్స్ గురించి పేపర్లు రాస్తున్నాయి. ఆ తెల్లపొడి ఎవరెవరి రక్తంలోంచి తీశారో, వాళ్ళకేం జబ్బులున్నాయో, అది ఎక్కించుకున్న పిల్లలకి ఏమవుతోందో. రక్తం కలుపుకున్నా నాకు రాలేదు. వాడికి వచ్చింది.

"ఆ రోజు తెరిచిన పెట్టెలోదేనా?" అని ఒక్కసారి అడిగాను నాన్నని.

"ముందూ వాడాడు, తర్వాతా వాడాడు. ఏ సీసానో దేవుడికే తెలియాలి," అన్నాడు. నన్ను ఓదార్చడానికే అన్నాడు. ఆ మాటని పట్టుకుని ఇన్నేళ్ళు నడిచాను, అది ఒకరోజు మోస్తుంది, ఒకరోజు మోయదు.

వాళ్ళమ్మ ఉత్తరం రాసింది. వీధిలో వాళ్ళింటికి ఎవరూ రావట్లేదని, వచ్చినా కప్పు ముట్టుకోవట్లేదని. అమ్మ ఆ ఉత్తరం రెండుసార్లు చదివి, మడిచి, చీర మార్చుకుని కోచ్ బస్సు ఎక్కింది. ఒక్కతే. ఎవరింట్లోనైనా గ్లాసు కడిగారో లేదోనని వాసన చూసే మనిషి.

మర్నాడు తిరిగొచ్చి, కోటు కూడా విప్పకుండా, నా గదిలోకి వచ్చి కూర్చుంది.

"ఎముకల గూడైపోయాడే. కూర్చోబెడితే కూర్చుంటున్నాడు. గ్లాసులో స్క్వాష్ సగం తాగి నా చేతికిచ్చాడు. ఎత్తి తాగుతావా ఆంటీ, అని నవ్వాడు."

"ఎత్తి తాగావా?"

"ఎందుకెత్తుతానే? కరుచుకునే తాగాను." కోటు బొత్తాలు విప్పుతూ, "నిన్నడిగాడు," అంది.

పరీక్షలున్నాయన్నాను. నిజంగానే ఉన్నాయి. అవి అయ్యాక వెళ్తానన్నాను. అయ్యాక ఇంకేదో అడ్డొచ్చింది. నాకు జబ్బు లేదని తేలింది, అంటుకోదని తెలుసు, మూడు గంటల కోచ్ ప్రయాణం. వెళ్ళలేదు. వాడి మొహం చూస్తే "నీకు మందుందిగా" అన్న నా గొంతు నాకే వినిపిస్తుందని భయం. వంటింట్లో ఎవర్నీ పిలవనివ్వని భయమే, నాతోపాటు పెద్దదైంది. వసంతంలో వాడు పోయాడు. అమ్మా నాన్నా అంత్యక్రియలకి వెళ్ళొచ్చారు. నేను వాటికీ వెళ్ళలేదు.

ఇప్పుడా క్వార్టర్స్ లేవు, లాండ్రీ లేదు. కొన్నేళ్ళ కిందట అటు వెళ్తే అంతా కార్ పార్కు. మా వంటిల్లు ఎక్కడుండేదో కూడా పోల్చుకోలేకపోయాను.

నిన్న టీవీలో మళ్ళీ ఆ నది ఒడ్డు వచ్చింది. "ఇవాళ్టి నించి మనం అన్నదమ్ములం," అన్నాడు అపాచీ. కత్తి తీశాడు. సెటిలర్ చెయ్యి చాపాడు. నేను గబుక్కున మనవరాలి కళ్ళు మూశాను. తలుపు వైపు చూశాను కూడా, ఎవరైనా వచ్చి ఛానల్ మార్చేస్తారేమోనని. ఎవరూ రాలేదు.

కత్తి కిందికి వచ్చింది. అపాచీ నడుముకి వేలాడుతున్న తోలు నీళ్ళసంచి తాడు తెగింది. అంతే. కత్తిని ఇసకలోకి గుచ్చేశాడు. సంచి ఎత్తి ఒక గుక్క తాగి సెటిలర్ చేతికిచ్చాడు. వాడు మూతి తుడవకుండా అక్కడే నోరు పెట్టి తాగాడు. మాటల్లేవు, అందుకని ఆ ఒక్క సీనులో పెదాలు తప్పుగా లేవు.

చుక్క రక్తం లేదు. ఒకే సంచిలో నీళ్ళు కరుచుకుని తాగారు. మా అమ్మ ఈ సినిమా ఒక్క ముక్క కూడా చూడలేదు, చివర మాత్రం ఆవిడకే తెలిసింది.

"ఈజ్ దట్ ది ఎండ్?" అంది పిల్ల, నా చెయ్యి తోసేసి.

"అదేనమ్మా," అన్నాను.

అది తన స్క్వాష్ గ్లాసు నాకిచ్చింది. సగం ఉంది, అంచు మీద వేరుశనగ పొట్టు అంటుకుని ఉంది. అలవాటు కొద్దీ తల వెనక్కి వంచి గ్లాసు పైకెత్తాను. గురి తప్పి కాస్త చొక్కా మీద ఒలికింది, వాడు నేర్చుకున్న వారంలో ఒలికినట్టే. "అమ్మమ్మా, డ్రింక్ ఇట్ ప్రాపర్లీ," అంది అది విసుగ్గా. గ్లాసు దించి, పెదాలకి ఆనించుకున్నాను. కరుచుకునే చివరిదాకా తాగాను.